నాలుగు తీగల సంచి

ముదిగుబ్బలో బస్సెక్కిన ఆమె పొడవాటి నల్ల సంచిని ఒళ్లో నిలబెట్టుకుని నా పక్కన కూర్చుంది.

"గిటారా అమ్మా?" అన్నాను.

"కాదన్నా, బేస్. దీనికి నాలుగే తీగలుండాయి."

పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో దాన్ని వాయించే ఆమె భర్త పోయిన నెల చనిపోయాడట. ధర్మవరంలో ఆయన జట్టువాళ్లకు ఇచ్చేయడానికి తీసుకుపోతోంది.

"అదీ గిటార్ జాతే కదమ్మా," అన్నాను, మాట కలుపుదామని.

"నేనూ ఇరవై ఏండ్లు అట్లే అంటాంటి. ఆయప్పను ఉడికించేకి. 'ఒక్కసారన్నా బేస్ అనవే' అని అడిగేవాడు. నేను అనలే." ఆమె సంచి జిప్పు మీద దుమ్ము తుడిచింది. "ఇప్పుడు అందరికీ చెప్తాండాను. వినేకి ఆయప్ప లేడు."

ధర్మవరం దాకా, బస్సు కుదిపినప్పుడల్లా బేస్‌కు దెబ్బ తగలకుండా ఇద్దరం చెరో వైపూ పట్టుకున్నాం.