పుష్పమ్మ కాలు, ఇద్దరు పాస్టర్లు

మా ఆయన పేరు ఐలేశం. పాస్టరు. నా పేరు హనుమమ్మ, పాస్టరమ్మను. ఈ పేర్లు విని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, మాకు అలవాటే. బాప్తిస్మం తీసుకున్న రోజు పేర్లు మార్చుకోమని పెద్దలు ఎంత పోరారో! మా ఆయన ఒకటే మాట అడిగాడు. "మార్చుకోవాలని వాక్యంల యాడుంది? జూపెట్టుండ్రి." ఎవరూ చూపెట్టలేకపోయారు. ఆ రోజు మొదలు ఈ రోజు దాకా ఆ మనిషి నోట్లో అదే ప్రశ్న. అన్నం పెట్టేటప్పుడు కూడా నన్ను అడుగుతాడేమోనని నాకు భయం.

మాది మోత్కూరు దగ్గర పల్లె. ఆయన గొర్లు కాసే ఇంట్లో పుట్టాడు, ఇప్పటికీ వారమంతా గొర్ల వెంటే తిరుగుతాడు. ఆదివారం మాత్రం తెల్ల చొక్కా వేసుకుని రేకుల షెడ్డులో వాక్యం చెబుతాడు. ఆ షెడ్డు లేవకముందు ప్రార్థన కూటం పుష్పమ్మ ఇంటి వాకిట్లో జరిగేది. ఊళ్ళో మాకు ఎవరూ చాప కూడా పరవని రోజుల్లో ఆమె తన వాకిలి ఊడ్చి, సాన్పు చల్లి, మాకు జాగా ఇచ్చింది. మా ఆయన కంటే పెద్దది. ఆయన ఆమెను అక్కా అంటాడు, ఆమె ఆయనను నలుగురిలో అయ్యగారూ అంటుంది.

తెలంగాణ వచ్చాక అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. కరోనాలో చర్చిలు మూతపడ్డాక దేవుడు కూడా ఫోన్లోనే ఉన్నాడనుకున్నారు మా సంఘం వాళ్ళు. ఏదేదో పంపేవాళ్ళు. భూమిలోకి లోతుగా బోరు వేస్తుంటే నరకంలోని అరుపులు వినబడ్డాయని ఒకటి. ఫలానా తారీకున లోకం అంతమని ఒకటి. ఈ సందేశం పదిమందికి పంపితే సాయంత్రానికి శుభవార్త అని ఇంకొకటి. మా ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, ఒడిలో గ్రంథం పెట్టుకుని, ఒక్కో వీడియోను ఆపి ఆపి చూసేవాడు. ఆదివారం లేచి జవాబు చెప్పేవాడు. "బోరుకు నరకం తగుల్తదా? మన నల్గొండ జిల్లల నీళ్ళే తగుల్తలేవు." జనం విరగబడి నవ్వేవాళ్ళు. అంత చక్కగా చెప్పేవాడు మరి. నా మొగుడని కాదు, ఉన్నమాట.

ఇంక దివాకర్ సంగతి. వాడు మా షెడ్డులోనే పెరిగాడు. వాడికి పాటలు నేర్పింది నేను. వాక్యం చదవడం నేర్పింది మా ఆయన. అలాంటివాడు భువనగిరి రోడ్డు మీద ఫంక్షన్ హాలు కిరాయికి తీసుకుని, కోటు తొడుక్కుని, ప్రవక్త దివాకర్ అయిపోయాడు! వాడు చేయి చాపితే జనం వెనక్కి పడిపోవడం, వాడు నూనె సీసా మీద ఊదితే రోగాలు పోవడం, అదంతా రెండు కెమెరాలు పెట్టి తీయడం. వాడి భార్య కరుణ పట్టుచీర కట్టుకుని కీబోర్డు ముందు కూర్చునేది. నాకు డప్పు చప్పుడు తప్ప వేరే వాయిద్యం లేదు. అసూయ పడ్డావా హనుమమ్మా అంటే, పడ్డాను. ఆ చీర అంచు చూసి రెండు పూటలు అన్నం సహించలేదు నాకు.

మా ఆయన తన కడుపుమంటకు బోధను పరీక్షించడం అని పేరు పెట్టుకున్నాడు. పొద్దున లేవగానే, ప్రార్థన కంటే ముందు, దివాకర్ వీడియో కింద ఎంతమంది చూశారో చూసుకునేవాడు.

"పెరిగిందా?" అని అడిగేదాన్ని.

"జనాలకు బుద్ధి లేదు" అనేవాడు. అంటే పెరిగిందని.

ఆయన చెప్పేది తప్పని నేను అనను. "దేవుడు బాగుజేయడని నేనంటలేను. బాగైనోళ్ళను నా ముంగట నిలబెట్టు, నేనే చప్పట్లు గొడ్త" అనేవాడు. ఆ మాటలో ఏం తప్పుంది? మా షెడ్డులో ఎవరైనా సాక్ష్యం చెప్పడానికి లేస్తే, జ్వరం తగ్గింది దేవుడి వల్లనా గోలి వల్లనా అని కూడా అడిగే మనిషి. రెండూ దేవుడు ఇచ్చినవే కదా, రెండూ చెప్పు అనేవాడు. అలా ఒక్కొక్కరినీ నిలదీస్తుంటే సాక్ష్యం చెప్పేవాళ్ళు తగ్గారు. తర్వాత వచ్చేవాళ్ళూ తగ్గారు. అందరూ ఎటు పోతున్నారో మాకు తెలుసు.

చివరికి పుష్పమ్మ కూడా అటే పోయింది.

ఆమెకు షుగర్. పత్తి చేన్లో కాలికి మోడు గుచ్చుకుని పుండు పడింది. నెలలు గడిచినా మానలేదు. ప్రతి ఆదివారం మా ఆయన ఆమె కోసం ప్రార్థన చేసేవాడు, కట్టు కట్టించుకొమ్మని చెప్పేవాడు. ఒక ఆదివారం ఆమె కూర్చునే చోటు ఖాళీగా ఉంది. ఆ రాత్రి దివాకర్ చానల్లో వీడియో వచ్చింది. పేరు చూడండి, 'కుళ్ళిన కాలు, క్షణంలో స్వస్థత!' అందులో మా పుష్పమ్మ కర్ర పారేసి, కాలు నేలకేసి దబదబా కొట్టి, "నొప్పి లేదు! నొప్పే లేదు!" అని అరుస్తోంది. దివాకర్ కళ్ళు మూసుకుని చేతులెత్తాడు. హాలంతా ఈలలు.

మా ఆయన ఫోను బోర్లా పెట్టేశాడు. 

"నేనిన్ని దినాలు మోకాళ్ళు అరగదీసుకున్న. గప్పుడు కాలే. వాడు ఊదితే అయిందా?" అన్నాడు. 

"పోయి జూసొద్దాం పా. మనిషి ఎట్లుందో" అన్నాను.

"ఆమెకు అక్కెరుంటె ఆమెనే వస్తది."

మూడు వారాలు పోలేదు ఆ మనిషి. గొర్రె ఒక్కటి తప్పిపోతే గుట్టలన్నీ వెతికేవాడు, నాలుగు ఇళ్ళ అవతలున్న పుష్పమ్మ ఇంటికి పోలేదు. ఆమె వాకిలి ముందు నుంచి పోవాల్సి వస్తే చెరువు కట్ట మీదుగా చుట్టు తిరిగి పోయేవాడు. నేనూ పోలేదు, నాకూ రోషమే.

నాలుగో వారం ఆమె కోడలు భాగ్యలక్ష్మి కిరాణా కొట్టు దగ్గర నాకు ఎదురైంది. మొహం పీక్కుపోయి ఉంది. "మా అత్త లేస్తలేదు" అని ఒక్క ముక్క అని పోయింది. ఇంటికొచ్చి చెప్పానో లేదో, మా ఆయన చొక్కా తొడుక్కున్నాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఫోను ఎందుకు?" అన్నాను.

"కాలు ఫోటో దీస్త. ఆయితారం అందరికి జూపెడ్త. ఎవడు అబద్ధమో తెల్వాలె."

వెళ్ళేసరికి పుష్పమ్మ మంచం మీద ఉంది. ఎండాకాలం, అయినా కాళ్ళ మీద దుప్పటి. మమ్మల్ని చూసి దుప్పటి ఇంకా కిందికి లాక్కుంది. "నాకు మంచిగైంది అయ్యగారూ. జర నీరసం, గంతే" అంది. గదిలో అగరుబత్తి వెలిగించారు, అయినా వాసన దాగలేదు.

భాగ్యలక్ష్మి ఊరుకోలేదు. "ఏం మంచిగైంది? కట్టు గడ్తనంటె కట్టనియ్యదు. కట్టు గడితె నమ్మనట్టంట, స్వస్థత వాపస్ పోతదంట! గోలీలు బంద్ జేసింది. నా మాట ఇంటలేదు" అంటూ దుప్పటి లాగేసింది.

కాలు చూశాను. రెండు వేళ్ళు బొగ్గులా నల్లగా ఉన్నాయి. పాదం ఉబ్బి మెరుస్తోంది.

"మానలేదా?" అన్నాడు మా ఆయన.

"యాడ మానింది? ఇంతకింత పెరిగింది."

"దేవునికి స్తోత్రం!" అన్నాడు.

మా సంఘంలో మంచి మాట ఏది విన్నా నోటి వెంట స్తోత్రం వస్తుంది. వాన పడిందంటే స్తోత్రం, కోడలు నీళ్ళోసుకుందంటే స్తోత్రం. ఆలోచించి అనేది కాదు. కానీ ఊరికే జారిన మాట అని నేను ఆయన్ని వెనకేసుకురాలేను, ఎందుకంటే ఆయన మొహం చూశాను. కరోనా తర్వాత ఆ మొహం అంత తేటగా ఎప్పుడూ లేదు. ఇంకో మాట కూడా చెప్తున్నా. ఆ ముక్క నా నోటిదాకా కూడా వచ్చింది. ఆయన ముందన్నాడు, అంతే తేడా.

భాగ్యలక్ష్మి చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. పుష్పమ్మ తలగడ మీంచి కొంచెం లేచి మా ఆయన వైపు చూసింది. అయ్యగారూ అనలేదు.

"ఐలేశా, నా కాలు కుళ్ళితె నీకు స్తోత్రమారా?"

   మా ఆయన ఫోను జేబులోనే ఉండిపోయింది. ఆయన గబగబా బయటికి పోయి, ఆటో పిలుచుకొచ్చి, ఎవరినీ అడగకుండా ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకుని కూర్చోబెట్టాడు. దారి పొడుగునా ఆ కాలు ఆయన ఒడిలోనే ఉంది. చీము పంచెకు అంటుకుంటున్నా కదల్లేదు. పుష్పమ్మ మాత్రం ఆయన వైపు చూడలేదు.

నల్గొండ దవాఖానలో డాక్టరమ్మ కాలు చూసి, భాగ్యలక్ష్మి చెప్పిందంతా విని తిట్టింది. "నొప్పి పోతే పుండు మానినట్టు కాదమ్మా. షుగర్‌తో నరాలు చచ్చిపోతే నొప్పి తెలియదు. దాన్ని పట్టుకుని నేలకేసి కొట్టావా?" అంది. రెండు వేళ్ళు తీసేయాలి, ఆలస్యం చేస్తే పాదమే పోతుంది అంది.  పుష్పమ్మ పైన తిరిగే ఫ్యాను వైపు చూస్తూ పడుకుంది.

భాగ్యలక్ష్మి కోపం కొద్దీ దివాకర్‌కు ఫోన్ చేసింది. వస్తాడని నేను అనుకోలేదు. వచ్చాడు. కోటు లేదు, కెమెరా లేదు, మాసిన అంగీ మీద వచ్చాడు. నన్ను చూసి "అమ్మా" అన్నాడు. నేను మొహం తిప్పుకున్నాను.

"ఏడికిపోయింది నీ స్వస్థత?" అన్నాడు మా ఆయన పళ్ళు బిగబట్టి.

"ఆమెకు నొప్పి లేదన్నది అయ్యగారూ. నేను నిజంగనే నమ్మిన" అన్నాడు వాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. "వీడియో తీసేసిన."

"ఎప్పుడు? ఇప్పుడా? ఊరంత చూసినంక?"

"మీరు నాలుగిండ్ల అవుతల ఉన్నరు గద, మూడు వారాలు మీరేం జేసిండ్రు?"



ఇంతలో నర్సు వచ్చి, లోపలికి తీసుకుపోతున్నాం, ప్రార్థన చేసుకునేదుంటే జల్దీ చేసుకోండి అంది. ఇద్దరూ ఒక్కసారే మంచం వైపు కదిలారు. అప్పుడు కూడా! ఆ కాలు అలా ఉండగా కూడా! మా ఆయన మోచేయి అడ్డం పెట్టడం నా కళ్ళారా చూశాను. దివాకర్ తగ్గలేదు, అటు పక్క నుంచి తలగడ దగ్గరికి పోబోయాడు.

పుష్పమ్మ చేయెత్తింది.

"ఇద్దరు బయటికి నడువుండ్రి. నా నోరు మంచిగనే ఉన్నది. నేనే జేసుకుంట."

బయటికి వచ్చాం. తలుపుకు పరదా మాత్రమే ఉంది. పుష్పమ్మకు మెల్లగా ప్రార్థన చేయడం ఏనాడూ రాదు, వాకిట్లో కూటం పెట్టినప్పటి నుంచీ అంతే, వాడంతా వినబడేది. ఇప్పుడూ వినబడింది.

"తండ్రీ, గీ కాలు నడ్వాలె అని ఒకాయన కోరిండు. గీ కాలు నడ్వొద్దని ఒకాయన కోరిండు. ఇద్దరికి నా కాలే గావాలె. పుష్పమ్మ ఎవ్వలికి గావాలె తండ్రీ? నువ్వన్న నన్ను జూడు. ఆమెన్."

పరదా ఇవతల ఇద్దరు పాస్టర్లు గోడకానుకుని నిలబడి ఉన్నారు. ప్రార్థన ముగిస్తే ఆమెన్ అనాల్సినవాళ్ళు, ఒక్కడూ అనలేదు. ఇద్దరి మీదా కోపంతో, ఆమెకు వినబడేలా, నేనే గట్టిగా ఆమెన్ అన్నాను.