ఎడమ కంటిలో వెలిసిపోయిన ఎరుపు

ఆ రోజు మధ్యాహ్నం నా బల్ల మీద గోధుమరంగు రెగ్జిన్ బ్యాగు ఒకటి ఉంది. దాని మీద రెండు జడలు వేసుకుని, ఎర్ర పరికిణీ కట్టుకుని, మేకపిల్లను చంకనెత్తుకున్న గుండ్రటి ముఖం పిల్ల బొమ్మ వేస్తున్నాను. గీత వంకర పోయిందేమో చూడడానికి ఒక కన్ను మూసి చూడడం నాకు అలవాటు. కుడి కన్ను మూశాను. పరికిణీ ఎరుపు వెలిసిపోయి, వానకు నానిన పాత ఇటుకలా కనిపించింది. కన్ను తెరిచాను. మళ్ళీ ఎర్రగానే ఉంది. మూశాను, మళ్ళీ ఇటుకే.

డబ్బాలో రంగు పాడయిందనుకున్నాను. పక్కనే మిషను మీద కుడుతున్న జయక్కను పిలిచాను.

"అక్కా, ఈ ఎరుపు నీకెలగుంది?"

"ఎర్రగానే ఉన్నాది కదే. ఎరుపు ఇంకెలగుంటాది? నీకేటయింది?"

నా పేరు ధనలక్ష్మి. మాది ఆమదాలవలస. మా వీధిలోనే ఉండే జయక్కా నేనూ కలిసి ఈ పని మొదలుపెట్టాం. ఆమె రెగ్జిన్ కత్తిరించి బ్యాగులు, పర్సులు కుడుతుంది. నేను వాటి మీద బొమ్మలు వేస్తాను. ఎవరైనా తమ ఇంటివాళ్ళ ఫోటో పంపితే, పెద్ద తల, చిన్న ఒళ్ళు, నవ్వు ముఖంతో అది వాళ్ళే అనిపించేలా గీసి ఇస్తాను. రెగ్జిన్‌ని స్పిరిట్‌తో తుడిచి, రంగును పల్చగా పొర మీద పొర వెయ్యాలి. మందంగా వేస్తే బ్యాగు మడత పడ్డ చోట పగిలిపోతుంది. పనంతా ముఖంలోనే ఉంటుంది. కనుబొమ్మ వెంట్రుకవాసి పైకి పోతే నవ్వే మనిషి కాస్తా కోపగించుకున్నట్టు కనిపిస్తుంది.

అంతకు కొద్దిరోజుల ముందు నుంచే ఎడమ కన్ను అటూ ఇటూ తిప్పితే లోపల ఎవరో లాగినట్టు నొప్పిగా ఉండేది. ఎక్కువసేపు వంగి పనిచేయడం వల్లేమో అనుకున్నాను. కళ్ళద్దాల షాపుకి వెళ్తే, "పవర్ కొంచెం మారిందమ్మా" అని కొత్త అద్దాలు ఇచ్చారు. అవి పెట్టుకుని ఇంటికొచ్చాను. మా ఆయన సూరి బావ భోజనానికి కూర్చున్నాడు. కుడి కన్ను చేత్తో మూసి అతని వైపు చూశాను. చెవులు కనబడ్డాయి, జుట్టు కనబడింది, చొక్కా గళ్ళు కూడా కనబడ్డాయి. ముక్కూ కళ్ళూ ఉండాల్సిన చోట బూడిదరంగు మరక ఒకటి ఉంది.

"బావా, నీ ముక్కు కనబడ్డం లేదు" అన్నాను.

నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు. అన్నం కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడిగేసుకున్నాడు. "పద. బేగి పద. అద్దాలోళ్ళ దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి."

శ్రీకాకుళంలో కళ్ళ డాక్టరు ఒకామె చూశారు. టార్చిలైటు ఒక కంటి నుంచి ఇంకో కంటికి మారుస్తూ చాలాసేపు చూశారు. తర్వాత చుక్కల మందు సీసా ఎర్ర మూత తీసి నా ముందు పెట్టారు.

"కుడి కంటికి ఇది రూపాయంత ఎరుపు అనుకోండి. ఇప్పుడు ఎడమ కంటితో చూసి చెప్పండి, ఎంత?"

"పావలా మేడమ్" అన్నాను. "అంత కూడా లేదేమో."

ఆమె మూత మళ్ళీ సీసాకి పెట్టేశారు. "ఇది అద్దాలతో పోయేది కాదమ్మా. కంటి వెనక నరం వాచింది. ఆప్టిక్ న్యూరైటిస్ అంటాం. విశాఖపట్నం వెళ్ళి న్యూరాలజిస్టుకి చూపించండి. ఎమ్మారై తీస్తారు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనకండి."

మేము అనలేదు. తర్వాతి రైలుకే బయల్దేరాం.

విశాఖపట్నంలో నన్ను అడ్మిట్ చేసుకున్నారు. ఎమ్మారై మిషను చప్పుడులో కళ్ళు మూసుకుని పడుకున్నాను. నడుము దగ్గర సూది గుచ్చి నీళ్ళు తీశారు, దాన్ని లంబార్ పంక్చర్ అన్నారు. రక్తం ఎన్నిసార్లు తీశారో గుర్తులేదు. వీటన్నిటికంటే నన్ను తినేసింది ఒక ప్రశ్న. ఆస్పత్రికి పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళూ అదే అన్నారు మరి: ఆ రంగులు, ఆ స్పిరిట్ వాసన పీల్చీ పీల్చీ తెచ్చుకున్నాది అని. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుగారిని అడిగేశాను.

"సార్, నా పని వల్లే వచ్చిందా?"

"అలా అనడానికి నాకేమీ ఆధారం కనబడలేదమ్మా. గాలి ఆడేచోట కూర్చుని పనిచెయ్యండి, అది ఎవరికైనా మంచిదే. ఇది వేరు. మనల్ని కాపాడాల్సిన ఇమ్యూనిటీ పొరబడి, మన నరం మీది పొరనే దెబ్బతీస్తోంది."

బావ ఇళ్ళకు కరెంటు వైరింగ్ చేస్తాడు. అంతవరకూ గోడకు ఆనుకుని నిలబడ్డవాడు ముందుకొచ్చాడు. "అంటే సార్, వైరు బాగానే ఉన్నాది, పైన ఇన్సులేషన్ పోయినాది. అంతేనా?"

"సరిగ్గా అంతే. వైరు తెగకముందే మనం ఆపాలి."

అప్పటిదాకా బావకు భయమే గానీ సంగతి తెలియదు. తెలిశాక భయం పెరిగిందో తగ్గిందో నేను అడగలేదు. ఆ సాయంత్రం మాత్రం నా సెలైన్ బాటిల్‌లో ఒక్కొక్క చుక్కా పడడం కరెంటు మీటరు చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు.

ఆ బాటిల్లో మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఎక్కించారు. నోట్లో ఇనుప మేకు పెట్టుకున్నట్టు రుచి. నిద్ర ఉండదు. ఒళ్ళంతా కంగారు. షుగరు చూడడానికి వేళ్ళ కొసలు పొడిచేవారు. "చూపు చాలామందికి వెనక్కి వస్తుంది. మీకు ఎంత వస్తుందో మాత్రం ఇప్పుడే చెప్పలేను" అన్నారు డాక్టరుగారు. నాకు ఆ మాట నచ్చింది. అబద్ధం ఆడలేదు కదా అనిపించింది.

ఇంటికొచ్చాక మాత్రలు వాడుతుండగా బూడిద మరక అంచుల నుంచి కరగడం మొదలైంది. నీలం ముందు వచ్చింది, తర్వాత పసుపు. స్టెరాయిడ్‌కి ముఖం ఉబ్బి, బుగ్గలు గుండ్రంగా అయ్యాయి. జయక్క గుమ్మంలో నిలబడి నన్ను తేరిపార చూసి, "ఓలమ్మా, నువ్వేసే బొమ్మనాగే అయిపోనావే!" అంది. ఆస్పత్రి నుంచి వచ్చాక నేను నవ్వింది అప్పుడే.

రివ్యూకి వెళ్ళినప్పుడు రక్తం రిపోర్టు వచ్చింది. నరం మీది పొరను దెబ్బతీసే మాగ్ యాంటీబాడీ నా రక్తంలో ఉందని, పాజిటివ్ అని అన్నారు. "జబ్బు పేరు దొరకడం మంచిదే. కానీ ఇది మళ్ళీ రావచ్చు, జాగ్రత్తగా ఉండాలి" అన్నారు.

వచ్చింది. డాక్టరుగారు చెప్పిన లెక్క ప్రకారమే మాత్ర తగ్గిస్తూ ఉన్నాం. ఒక ఉదయం లేవగానే కన్ను తిప్పితే నొప్పి. ఈసారి కుడి కన్ను. నాకు తెలిసిన నొప్పే గనుక ఇంకేమీ చూసుకోలేదు, మంచం మీదే కూర్చుని బావా బావా అని అరిచాను. విశాఖపట్నం చేరేసరికి మంచి కన్ను అనుకున్నది ఎడమదానికంటే మసకైపోయింది. నర్సు టీ గ్లాసు ఇస్తే నా చెయ్యి దాని పక్క నుంచి పోయింది. వేడి టీ ఒలికి దుప్పటి తడిసింది.

"బావా, నానింక బొమ్మలెయ్యలేనేమో."

"ముందు నా ముక్కు కనబడనీ. మిగతాది తరవాత సూద్దాం" అన్నాడు. గొంతు మాత్రం వణికింది. అతని ముఖం కనబడకపోవడం వల్ల ఆ వణుకు బాగా వినబడింది.

మళ్ళీ అదే ఇంజెక్షను. దాంతోపాటు ఇమ్యూనిటీని అదుపులో పెట్టడానికి మైకోఫినోలేట్ అనే మాత్ర కొత్తగా మొదలుపెట్టారు. "ఈసారి స్టెరాయిడ్‌ని చాలా నెమ్మదిగా తగ్గిద్దాం. జ్వరమొస్తే నాకు చెప్పండి. బాగుంది కదా అని ఏ మాత్రా మీకు మీరు ఆపొద్దు" అని చెప్పి, మా ఇద్దరి చేతా ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నారు.

ఆ తర్వాతి రోజులు నాకు చాలా కష్టంగా గడిచాయి. ఇంట్లో అన్నీ మంచులో ఉన్నట్టుండేవి. ముందు గదిలో జయక్క మిషను మాత్రం ఆగలేదు. బొమ్మ లేని బ్యాగులు గోడ వారగా పేరుకుంటున్నాయని, వాటికి కాలు తగిలితే తెలిసేది. ఒకరోజు విసుగొచ్చి కేకలేశాను.

"ఎవలికోసం కుడతన్నావక్కా ఇవన్నీ? వేసేది ఎవలు?"

"కుట్టకపోతే నా సెయ్యి మర్సిపోద్ది. నీ ఏడుపు నువ్వు ఏడు, నా పని నన్ను సేసుకోనీ" అంది. కాసేపటికి నా ఒళ్ళో ఒక గిన్నె పెట్టింది. "ఇందులో జిప్పుల తలలున్నాయి. పెద్దవీ చిన్నవీ కలిసిపోనాయి. తడిమి ఏరు. ఖాళీగా కూకుంటే పిచ్చెక్కుద్ది."

ఏరాను. మర్నాడు కూడా ఏరాను. ఏరిన వాటిని నేను నిద్రపోయాక ఆమె మళ్ళీ కలిపేస్తోందని నాకు అనుమానం. ఇప్పటికీ అడగలేదు.

చూపు ఈసారి ఆలస్యంగా వచ్చింది, అయినా వచ్చింది. కుడి కన్ను చాలావరకు తేరుకుంది. ఎడమ కంటికి ఎరుపు ఇప్పటికీ కొంచెం తక్కువే. ఎండలో నడిచినా, బాగా వేడినీళ్ళు పోసుకున్నా చూపు మసకబారి, చల్లబడ్డాక సర్దుకునేది. జబ్బు మళ్ళీ వచ్చేసిందని మొదటిసారి ఏడ్చాను. "నరం వేడికి అలిసిపోతుందమ్మా, అంతే. కాసేపట్లో తగ్గిపోతే భయం లేదు. తగ్గకపోతే నాకు ఫోన్ చెయ్యండి" అన్నారు డాక్టరుగారు.

కుంచె పట్టడానికి మాత్రం ధైర్యం చాలలేదు. రంగు ఏది సరైనదో నాకే నమ్మకం లేనప్పుడు ఒకరి ముఖం ఎలా వేస్తాను? అలాంటప్పుడు ఎచ్చెర్ల నుంచి సుజాతగారు అనే ఆవిడ వచ్చారు. నాకు జబ్బు చేసిన సంగతి ఆమెకు తెలియదు. వాళ్ళమ్మ పోయి కొద్ది నెలలయిందట. ఉన్న ఫోటోలన్నిట్లోనూ ఆమె బిగుసుకుపోయి ఉంది.

"మా అమ్మ అలగుండేది కాదండీ. అరుగు మీద కూకుని సుట్ట అడ్డపొగ కాలుస్తూ అందర్నీ నవ్వించేది. నిప్పున్న కొస నోట్లో ఉండగానే కబుర్లు సెప్పేది. అలగ కావాలి నాకు, నా ఆఫీసు బ్యాగు మీద."

నేను ఉన్నమాట చెప్పేశాను. "గీత గీయగలను. ఎరుపుల్లో పొరపాటు రావచ్చు. నా కంటి మీద నాకు నమ్మకం లేదు."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మా అమ్మ సీర ఏ రంగో నాను సెప్తాను. మీరు కలపండి."

ఇటుకపొడి రంగులో కొంచెం ముదురు ఎరుపు కలిపాను. "ఇంకా ఎర్రగుండేది" అన్నారామె. కలిపాను. జయక్క మిషను ఆపి వచ్చి, "అది మరీ పెళ్ళికూతురి సీరయిపోనాది. అంత ఎరుపు ముసలమ్మ కడతాదేటి?" అంది.

"మా అమ్మ కట్టేదండీ!"

"ఉతికీ ఉతికీ ఆ రంగుండదమ్మా. కొంచెం మట్టి కలపే ధనం."

"మట్టేటండీ, కాదు!"

ఇద్దరివీ నాలుగు మంచి కళ్ళు. ఒక్క ఎరుపు మీద ఒప్పుకోలేకపోయారు. మధ్యలో కుంచె పట్టుకుని నేను కూర్చున్నాను. ఉన్నట్టుండి నా గుండెల మీది బరువు దిగింది. ఇన్నాళ్ళూ సరైన ఎరుపు అనేది ఒకటుందని, అది లోకమంతటికీ కనబడి నా ఒక్కదానికే కనబడకుండా పోయిందని కుమిలిపోయాను. ఇద్దరినీ పక్కకు జరగమని, నా కంటికి తోచిన ఎరుపు వేసేశాను. తర్వాత ముఖం మొదలుపెట్టాను. నోట్లో చుట్ట ఉంది గనుక నవ్వంతా బుగ్గల్లోనూ కళ్ళ కొసల్లోనూ చూపించాలి. గీతలు మునుపటికంటే లావుగా వచ్చాయి.

సుజాతగారు బ్యాగు చేతిలోకి తీసుకుని వెలుతురు వైపు తిప్పి చూశారు. "సీర సంగతి మర్సిపోనాను" అన్నారు. "ఈ కళ్ళు మా అమ్మవే."

ఇప్పుడు పొద్దున పూట చల్లగా ఉన్నప్పుడే బొమ్మలు వేస్తున్నాను. మునుపటికంటే తక్కువ వేస్తాను. డబ్బాల మీద రంగుల పేర్లు పెద్దక్షరాలతో రాసుకున్నాను. మాత్రలు నడుస్తున్నాయి, రక్తపరీక్షలు నడుస్తున్నాయి. మళ్ళీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేదు. వస్తే ఏం చెయ్యాలో మా ఇంట్లో అందరికీ తెలుసు. దాంతో నిద్ర పడుతోంది.

చదివేవాళ్ళకు ఒక్క మాట చెప్తాను. పళ్ళు తోముకునేటప్పుడు అప్పుడప్పుడు అరచేత్తో ఒక కన్ను మూసి గోడ మీది క్యాలెండర్ చూడండి, తర్వాత రెండో కన్ను మూసి చూడండి. ఒక కంటికి రంగు వెలిసినట్టున్నా, మధ్యలో మరక కనిపించినా, కన్ను తిప్పితే లోపల నొప్పెట్టినా ఆ రోజే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రెండు కళ్ళూ కలిసి చూస్తున్నప్పుడు ఒకదాని లోటును రెండోది మనకు తెలియకుండా కప్పేస్తుంది. అందుకని వాటిని విడివిడిగా అడగాలి.