నాన్న ఎడమ చెవి

మా నాన్న రెండు చెవులతో యుద్ధానికి వెళ్లి, వినపడే చెవి ఒక్కదానితో రేపల్లె తిరిగొచ్చారు. పక్కనే గుండు పేలి ఎడమ చెవి పోయింది. దానివల్ల దేశానికి ఏం ఒరిగిందో నాకు తెలియదు గానీ, మా ఇంటికి మాత్రం ఆ చెవి బాగా అక్కరకొచ్చింది.

ఆయన ముక్కోపి. కాదంటారనుకున్న మాట ఏదైనా ఎడమ వైపు నిలబడి చెప్పడం మా ఆనవాయితీ. తర్వాత ఆయన ఎగిరితే, "మొన్న చెప్పాంగా మీకు!" అనేది అమ్మ. మిక్సీ కొన్నది అలాగే. తమ్ముడు లెక్కల్లో తప్పిందీ అలాగే. పొన్నూరు పిన్ని పిల్లలతో సహా నెల్లాళ్లు ఉండటానికి దిగిందీ అలాగే. "చెప్పే ఉంటార్లే" అని నాన్న మీసం దువ్వుకుంటూ ఊరుకునేవారు. మిలటరీ మనిషిని బోల్తా కొట్టించామని మేం లోపల్లోపల మురిసిపోయేవాళ్లం.

బాపట్లలో నాతోపాటు బళ్లో పాఠాలు చెప్పే చీరాల అబ్బాయిని పెళ్లి చేసుకుంటానని చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం నాకు ధైర్యం చాలలేదు. వాళ్లది మగ్గాల ఇల్లు, మాది పొలాల ఇల్లు. మా వాళ్లలో అప్పటికి ఎవరూ బయట చేసుకోలేదు. నాన్న కాదంటే చేసుకోలేను, అతన్ని వదులుకోనూ లేను.

"ముందు ఆ చెవిన వేసెయ్యవే. తర్వాత సంగతి నే చూసుకుంటా" అంది అమ్మ.

తెనాలి వెళ్లే రైల్లో కిటికీ పక్కన నాన్న, ఆయనకు ఎడమ వైపు నేను. బండి చప్పుడు పెరిగాక, చేలు చూస్తున్నట్టు నటిస్తూ మొత్తం చెప్పేశాను, వాళ్లమ్మ చేతి చేపల పులుసుతో సహా.

నాన్న లేచారు. ఆయన నన్ను కిటికీ వైపు జరిపి, నా చోట్లో కూర్చున్నారు. ఇప్పుడు ఆయన మంచి చెవి నా వైపుంది.

"ఒక్క ముక్కా వినపళ్లేదమ్మా. ఇన్నేళ్లుగా చూస్తానే ఉన్నా, భయమేసే మాటలన్నీ మీరు అటే చెబుతారు. చిన్నాచితకా వాటికి ఊరుకున్నా. ఇదేంటో గట్టిదే, నీ మొహం చూస్తే తెలుస్తోంది. ఇటు చెప్పు" అన్నారు.

ఏడుస్తూ చెప్పాను. తల వంచి చివరిదాకా విన్నారు.

"ఆదివారం చీరాల వెళ్దాం" అన్నారు. నా వైపు తిరిగి, "నేనంటే అంత భయమా?" అని అడిగారు.

అవునన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. తెనాలి వచ్చేదాకా వదల్లేదు.