పదకొండు ఆదివారాలు, నాలుగు గీతలు

ముందు పోయినవాటి లెక్క. పదకొండు ఆదివారాలు. వారానికి నలభై నిమిషాల చొప్పున నాలుగు వందల నలభై నిమిషాలు. మోడెం తయారుచేసిన కంపెనీకి తొమ్మిది ఫోన్లు. వాటిలో పాట వింటూ ఆగిన కాలం రెండు గంటల పదిహేడు నిమిషాలు. ఫిర్యాదు నంబర్లు ఆరు. ఇవన్నీ క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో రాసి ఉన్నాయి.

ఆ నలభై నిమిషాలు నా చెల్లెలివి. ఆమె సిరిసిల్లలో మా తమ్ముడి ఇంట్లో ఉంటుంది. పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. నేను సూరత్‌లోని ఉధనాలో, మరమగ్గాల షెడ్డు వెనక గదిలో ఒక్కణ్నే ఉంటాను. ఏ మగ్గం మీద ఎన్ని మీటర్ల గుడ్డ దిగిందో లెక్కగట్టడం నా పని. ఐదో తరగతితో బడి ఆగిపోయింది. తర్వాతి లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను, చెల్లెలికీ నేర్పాను. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ల కణుపులు తాకుతూ పోతే ఒక చేతికి పన్నెండు. అలాంటి పన్నెండ్లు ఎన్నయ్యాయో రెండో చేతి కణుపుల మీద గుర్తు. అట్లా మేమిద్దరం నూట నలభై నాలుగు దాకా మాట్లాడుకోగలం. ఎన్ని బీడీకట్టలు కట్టింది, కోడి ఎన్ని పిల్లల్ని చేసింది, మోకాలు ఎన్ని రోజులు నొప్పి పెట్టింది, అన్నీ ఆమె అంకెల్లోనే చెబుతుంది.

దీనికి రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఎదుటి మనిషి రెండు చేతులూ కనపడాలి. నా దగ్గరున్నది మీటల ఫోను. అందుకే పాత కంప్యూటరు, దానికో కెమెరా, వాటికోసం ఈ మోడెం.

కొన్న మొదటి నెల మోడెం మూడుసార్లు ఆగింది. రెండో నెల ఎనిమిది సార్లు. మూడో నెల ఇరవై ఒకటి. తీగ పీకి మళ్లీ పెడితే పనిచేసేది. నాలుగో నెలలో ఒక ఆదివారం పొద్దున, మా మాటలు అయిపోవస్తుండగా, చెల్లెలి చేతులు గాలిలో ఉండగానే బొమ్మ నిలిచిపోయింది. ఎన్నిసార్లు పీకి పెట్టినా మళ్లీ రాలేదు. కేబుల్ మనిషి వచ్చి చూశాడు. "లైన్ బరాబర్ హై అంకల్. డబ్బా ఖరాబ్. కంపెనీకో బోలో," అని వెళ్లిపోయాడు.

కంపెనీకి ఫోన్ చేసి తెలుగు కోసం చెప్పిన అంకె నొక్కాను. ఒక అమ్మాయి "ఎలా ఉన్నారండీ?" అంది. ఆ వారంలో నన్ను ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. బాగున్నానని చెప్పాను.

"మోడెంకి లైట్ వస్తుందా అండీ?"

"వస్తుందమ్మా. మా దగ్గర లైట్ పోనేపోదు. మగ్గాలు నడువద్దా?"

"ఆగి ఆగి వస్తుందా, అలాగే ఉంటుందా అండీ?"

"నిన్న జరసేపు పోయింది, మళ్లొచ్చింది. గంతే."

"సరేనండీ. ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. ఇంకేమైనా సహాయం కావాలా అండీ?"

రెండు రోజులకు మెసేజ్ వచ్చింది, ఫిర్యాదు పరిష్కారమైందని. మళ్లీ చేశాను. ఈసారి ఇంకో గొంతు, అదే ప్రశ్న, నా నుంచి అదే జవాబు. రెండు రోజులకు అదే మెసేజ్.

ఈ వారం బాగవుతుంది, ఈ వారం బాగవుతుంది అనుకుంటూనే నాలుగు ఆదివారాలు గడిచాయి. అప్పుడు తమ్ముడి భార్యకు ఫోన్ చేశాను.

"ఏంది బావా, నాలుగు వారాలాయె పత్తాకు లేవు? ఆదివారం వస్తే చాలు, తెల్లారంగనే తల దువ్వుకొని నా ఫోన్ ముంగట కూసుంటది. నా ఫోన్ నేను ముట్టుకుంటే నన్నే గుర్రుగ చూస్తది!"

"మోడెం ఖరాబైంది. జర ఆమెకు చెప్పమ్మా."

"మోడెం అంటే ఆమెకేం సమజైతది? ఎట్ల చెప్పాలె?"

"లైన్ తెగిందని చెప్పు, చాలు."

మా ఇంట్లో తెగడానికి ఒకటే సైగ. రెండు చేతుల వేళ్ల మధ్య పోగు పట్టుకున్నట్టు పట్టి, చటుక్కున చెరో పక్కకు లాగడం. మగ్గం మీద పోగు తెగితే అదే. పెళ్లి సంబంధం తెగితే అదే. అన్నదమ్ములకు మాటలు తెగినా అదే. ఈ సంగతి నాకు తెలుసు. ఆ రోజు తట్టలేదు.

ఏడో వారంలో నేను స్పీకర్ పెట్టి ఆరోసారి ఫిర్యాదు చెబుతుంటే, మగ్గాలు బాగుచేసే మా జాబరు పక్కన చాయ్ తాగుతున్నాడు. కరీంనగర్ దిక్కు మనిషి.

"ఆగు సార్. ఆమె నిన్ను కరెంటు అడుగుతలేదు. డబ్బా మీద ఎలిగే బుగ్గ అడుగుతుంది."

"లైట్ అంటే కరెంటే గద?"

"ఈడ గుజరాతోళ్లకు! సూరత్‌ల ఉండి ఉండి నువ్వూ గట్లనే అయినవ్. ఆ పిల్లకు కరెంటు కరెంటే, లైటు లైటే. ఇన్ని మీటర్లు లెక్కగడ్తవ్, గీ ఒక్క ముక్క లెక్క తప్పినవా సారూ?"

వంగి చూశాను. డబ్బా మీద మూడు లైట్లు. మూడోది ఎర్రగా కొట్టుకుంటోంది. అది చెప్పగానే ఫోన్‌లో అమ్మాయి, "ఈ మాట మొదటిరోజే చెప్పాల్సిందండీ. డబ్బా మార్చేస్తాం," అంది. గ్యారంటీ ఉంది కాబట్టి పైసా అడగలేదు. స్టాకు రావడానికి మాత్రం ఇంకో నాలుగు వారాలు, మూడు ఫోన్లు పట్టాయి.

పన్నెండో ఆదివారం మూడు లైట్లూ పచ్చగా వెలిగాయి. ఫోన్ తమ్ముడి భార్య ఎత్తింది. చెల్లెల్ని పెరట్లోంచి పిలుచుకు రావాల్సి వచ్చింది. తల దువ్వుకుని లేదు. ఒళ్లో బీడీల చాట. చాట పక్కకు జరిపింది. తర్వాత ఫోను గోడవైపు తిప్పింది. గోడ మీద బొగ్గుతో గీసిన గీతలు నాలుగు.

నేను కణుపుల మీద పదకొండు చూపించాను. ఆమె తల అడ్డంగా ఊపింది. నాలుగో గీత పక్కన ఖాళీ చోట వేలు పెట్టి, పోగు తెంపినట్టు రెండు చేతులూ లాగింది.

అప్పుడు అర్థమైంది, మా ఇద్దరికీ మాటలే తెగాయనుకుంది. కాదని ఎంత చేతులూపినా మోడెం అనే మాటకు మా దగ్గర సైగ లేదు. డబ్బా ఎత్తి కెమెరా ముందు పట్టుకుని, తెగింది ఇదీ అని చూపించడానికి తీగ పీకాను. బొమ్మ పోయింది. ఏం చేశానో తెలిసి తీగ మళ్లీ పెట్టాను. మూడు లైట్లూ మళ్లీ పచ్చగా కావడానికి రెండు నిమిషాలు పట్టింది. అటుపక్క ఆమె అక్కడే కూర్చుని ఉంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

ఆ తర్వాత నాలుగు వారాలు ఎనభై నిమిషాల చొప్పున కూర్చున్నాం. ప్రతి వారం చివర ఆమె తడి వేలితో ఒక గీత తుడిచేది. గోడ శుభ్రమయ్యాక మళ్లీ నలభై నిమిషాలకే చాట అందుకుని లేస్తోంది. ఆమె లెక్క సరిపోయింది.

నా క్యాలెండర్ వెనక ఇంకా ఏడు ఆదివారాలు ఉన్నాయి. అవి ఆమె నాకోసం ఎదురుచూడని ఆదివారాలు. అందుకే వాటిని ఆమె అడగదు. ఇవాళ్టికీ నేను పడ్డ బాకీ రెండు వందల ఎనభై నిమిషాలు.