అత్తమ్మ చెవికి రేడియో కట్టిన శాంతక్క

నిన్న పొద్దున చాయ్ పెట్టి ఫోన్ చూశాను. మా పాత కాలనీ గ్రూప్‌లో ఒకటే లైన్.

"శాంతక్క ఇగ లేదు."

చాయ్ పొంగి స్టవ్ ఆరిపోయింది.

ఎనభైల్లో మంచిర్యాల దగ్గర బొగ్గుబాయి క్వార్టర్స్‌లో మాది, శాంతక్కది పక్కపక్క ఇళ్లు. మా ఇద్దరి భర్తలకూ బాయిలోనే డ్యూటీ. నేను కొత్తగా కాపురానికి వచ్చాను.

అక్కకు చేతికి ఏది దొరికినా విప్పి చూడటం అలవాటు. టార్చ్‌లైట్, గోడ గడియారం, చివరికి పెళ్లికి పెట్టిన ట్రాన్సిస్టర్ రేడియో కూడా.

వాళ్ల అత్త పోశవ్వ అప్పటికి రెండేళ్లుగా మాట్లాడటం మానేసింది. ఎవరేమన్నా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది.

ఒకరోజు అక్క వాళ్ల బావగారు, పోశవ్వ పెద్దకొడుకు, ఊరి నుంచి వచ్చారు.

"అవ్వకు మతి తప్పింది. తీస్కపోయి పిచ్చి దవాఖాన్ల ఏస్త."

"మతి పోలే బావా, చెవులు పోయినయ్. జర ఒక్క నెల ఆగు," అంది అక్క.

ఆయన ఆగారు. కానీ నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు.

అక్క పాత సామాన్ల దుకాణం నుంచి పాడైన టెలిఫోన్ రిసీవర్ ఒకటి తెచ్చింది. తన రేడియోలో శబ్దం పెంచే భాగానికి దాన్ని కలిపింది. ఒక ఇయర్‌ఫోన్, రెండు సెల్లులు. అన్నీ సబ్బు డబ్బాలో. రెండుసార్లు పొగ వచ్చింది.

మూడోసారి నేనూ అక్కడే ఉన్నాను. అక్క ఇయర్‌ఫోన్ పోశవ్వ చెవిలో పెట్టి, రిసీవర్ తన నోటి దగ్గర పెట్టుకుంది.

"అత్తమ్మా, ఇనవడ్తుందా?"

పోశవ్వ ఉలిక్కిపడింది. మా ఇద్దరి మొహాలూ చూసింది.

"మెల్లగ అను బిడ్డా. గంత గట్టిగ ఎందుకు ఒర్లుతవ్?"

మేమిద్దరం ఏడ్చాం. పోశవ్వ మాత్రం ఫ్యాన్ తిరిగే చప్పుడు వింటూ చాలాసేపు కూర్చుంది.

బావగారు మళ్లీ వచ్చినప్పుడు ఆమే జవాబిచ్చింది.

"నేను యాడికి రాను కొడకా. గిది నా ఊరు."

మాకు అప్పుడే తెలిసింది. బాయి రాకముందు అక్కడ ఒక ఊరుండేదట. పోశవ్వ అందులోనే పుట్టిందట.

ఆ ఎండాకాలం సాయంత్రాలు ముగ్గురం క్వార్టర్ల మధ్య తిరిగేవాళ్లం. డబ్బా సంచిలో, వైరు చెవిలో, పోశవ్వ ముందు. నీళ్ల ట్యాంకు దగ్గర ఆగి "గీడ మా జొన్న చేను" అనేది. అక్క పాత క్యాలెండర్ల వెనక ఆ ఊరి పటం గీసుకునేది.

మా ఇంటి ముందుకు వచ్చి నాతో అంది, "నీ వంటింట్ల మా ఎడ్ల కొట్టం ఉండె."

ఆ తర్వాత చాలా రోజులు, అన్నం ఉడుకుతుంటే గడ్డి వాసన వచ్చేది.

ఎక్కడో మెడగంటలు కదిలినట్టుండేది.

పోశవ్వ ఇంకో ఆరేళ్లు బతికింది, కబుర్లు చెబుతూనే.

మొన్న దసరా ముందు అక్క ఫోన్ చేసింది. మన క్వార్టర్స్ కూలగొట్టారట, అక్కడ నేలంతా పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గని వస్తుందట.

"మన లైన్ల ఎవరెవరు ఏ ఇంట్ల ఉండిరో రాస్తున్న చెల్లె. నీ ముంగిట ఏం చెట్టుండె?"

"జామ," అన్నాను.

"కాదే, నిమ్మ. నువ్వే పెట్టినవ్. మర్చిపోయినవా?"

నిజంగానే మర్చిపోయాను.

పోయి రా అక్కా. ఎక్కడున్నా నీ మనసు నిమ్మళంగా ఉండాలి.