హెల్మెట్ తీయని ఏఈ గారు

మున్సిపాలిటీ ఏఈ గారు మిర్చియార్డు వెనకున్న మా వీధికి ఎప్పుడొచ్చినా, బండి దిగాక కూడా హెల్మెట్ తీసేవారు కాదు. మురుగుకాలవ కోసం తవ్వించిన గొయ్యి నెలల తరబడి పూడకపోతే ఏ ముఖం చూపిస్తారు? ఎవరన్నా అడిగితే మాత్రం, "మిర్చియార్డు ఘాటండీ, కళ్ళు మండిపోతాయి" అనేవారు. ఆయన వెళ్ళాక మేం పగలబడి నవ్వేవాళ్ళం.

చివరికి ఆ గోతిలోనే పడి మా నాయనమ్మ కాలు విరిగింది. చూడ్డానికొచ్చిన ఏఈ గారు గుమ్మంలోనే హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నారు. నాలుగు దులుపుదామనే లేచాను. తీరా చూస్తే ఆయన కళ్ళు ఎర్రగా జీరలు తేలి ఉన్నాయి.

"ఏం బాబూ, ఘాటుకేనా కళ్ళు అలా అయ్యాయి?" అంది నాయనమ్మ మంచం మీంచి.

ఆయన కట్టుతో ఉన్న ఆ కాలివైపే చూస్తూ, "కాదమ్మా" అన్నారు.