మంచుబండి ఇంజనూ, నాలుగు నిమ్మకాయలూ

బర్మింగ్‌హామ్ శివార్లలో పొలం యంత్రాలు బాగుచేసే షెడ్డు ఒకటుండేది. రెండేళ్లపాటు అందులో నా హోదా వాషర్. బురదా పేడా పట్టిన ట్రాక్టర్లని ప్రెషర్ గొట్టంతో కడిగి, పెళ్లిచూపులకి ముస్తాబు చేసినట్టు చేసి మెకానిక్కుల ముందుకి తోయడం నా పని. ఆ తరవాత వాటి మీద చెయ్యి వేసే హక్కు నాకు లేదు.

మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఆమె వీసాకి తోకలా నేను ఈ దేశం వచ్చాను. నా కాగితాల్లో 'డిపెండెంట్' అని రాసుండేది. మా మావగారు పెళ్లినాడే కనిపెట్టిన సంగతిని ఇక్కడి ప్రభుత్వం ఆలస్యంగా ధ్రువీకరించింది, అంతే.

చదువు సంగతి అడక్కండి. తొమ్మిదో తరగతి లెక్కల పరీక్ష తరవాత నేనూ బడీ పరస్పర అంగీకారంతో విడిపోయాం. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో చేరి పన్నెండేళ్లు పనిచేశాను. అక్కడ డ్రాయింగులు ఉండవు. కంటితో కొలత, సుద్దముక్కతో గీత, ఆ పైన వెల్డింగ్. సరిపోకపోతే సుత్తి ఉండనే ఉంది. లారీని సగానికి కోసి పొడుగు చేసినవాణ్ణి, ఇక్కడ ఒక నట్టు విప్పాలంటే సర్టిఫికెట్ అడిగారు.

పైగా మా ఆవిడ నేను వచ్చిన మొదటి వారమే వాళ్లమ్మకి ఫోన్లో, "ఆయన పెద్ద షెడ్డులో మెకానిక్కమ్మా" అని చెప్పేసింది. అబద్ధం ఆడటం చేతకాని మనిషి. ప్రతి ఆదివారం ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించేది. నేను పక్క గదిలో టీవీ గొంతు పెంచేవాణ్ణి.

షెడ్డు ఓనరు అరవై దాటిన మనిషి. మాటలు బహు పొదుపు. ఒక వేసవిలో టీ తాగుతూ నేను ఆటోనగర్ గొప్పలు చెబుతుంటే, ఆయన కప్పు కింద పెట్టి నన్ను షెడ్డు మూలకి తీసుకెళ్లాడు. అక్కడ ఇంజను పట్టేసిన క్వాడ్ బైకు ఒకటుంది. నాలుగు లావుపాటి చక్రాల మోటారుసైకిలన్నమాట. గొర్రెలు కాసుకునే రైతు ఎవరో వదిలేసి మళ్లీ రాలేదు. దాని పక్కన మంచు మీద పరిగెత్తే బండి, స్నోమొబైల్. ముందు చక్రాల బదులు మంచు మీద జారే రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా. స్కాట్లాండ్‌లో వేలంలో కొన్నాడట.

"మంచు పడని చోట ఇదెందుకు కొన్నారు?" అన్నాను.

"చవగ్గా వచ్చింది."

ఆ ఒక్క మాటతో ఆయన మా బంధువే అనిపించాడు.

"ఈ మంచుబండి ఇంజను ఆ క్వాడ్‌లో పెట్టు" అన్నాడు. "సెప్టెంబరు మొదటి శనివారం నా కళ్ల ముందు షెడ్డు వెనక గుట్ట ఎక్కించు. ఎక్కితే మెకానిక్కువి. ఎక్కకపోతే మళ్లీ ఈ మాట నా దగ్గర ఎత్తకు, మేట్."

ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ అన్నం గరిట అలాగే పట్టుకుని నిలబడింది. "నిజంగానా? అయితే ఇంక నేను అమ్మతో మామూలుగా మాట్లాడొచ్చు" అంది. నా తెలివి మీద ఆమెకున్న నమ్మకం ప్రేమో, ఆసుపత్రిలో అలసటో నాకు ఇప్పటికీ తెలీదు.

సహాయానికి మా పై ఫ్లాట్‌లో ఉండే కుర్ర సాఫ్ట్‌వేర్ ఇంజనీరొకడు వచ్చేవాడు. అనంతపురం వైపు మనిషి. ఆఫీసులో అతని ఉద్యోగం వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. ఆదివారాలు నా తప్పులు పట్టేవాడు, అదీ జీతం లేకుండా.

ఇంజను మంచిదే. రెండు సిలిండర్ల టూ స్ట్రోకు. గేర్లు లేవు. గేర్లు లేని స్కూటర్లలో ఉన్నట్టే ఒక పుల్లీ, ఒక బెల్టు, ఇంకో పుల్లీ. యాక్సిలరేటర్ నొక్కితే పుల్లీ బెల్టుని పట్టుకుంటుంది, బండి కదులుతుంది. రివర్సంటూ ఏమీ లేదు. ఎటు తిరిగితే అటే.

చిక్కల్లా కూర్చోబెట్టడంలో వచ్చింది. స్నోమొబైల్లో ఉన్నట్టే నిలబెడితే కార్బురేటర్లు స్టీరింగు రాడ్డుకి తగులుతున్నాయి. ఒక ఆదివారమంతా సుద్దతో గీతలు గీసి, చెరిపి, చివరికి ఇంజన్ని అటుది ఇటు తిప్పేశాను. వెనకవైపు ముందుకి, ముందువైపు వెనక్కి. ఆహా, అచ్చంగా అక్కడే పుట్టినట్టు కూర్చుంది! ఎడమన ఉండాల్సిన పుల్లీ కుడికి వచ్చింది. వస్తే వచ్చింది, చైను కూడా కుడివైపుకే మార్చి ఇరుసుకి కలిపాను.

కుర్రాడు చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాడు.

"అన్నా, ఒక మాట అడగల్ల. ఇంజన్ని తిప్పి పెడితివి కదా, అది యా పక్కకి తిరుగుతాది?"

"ఏ పక్కకి తిరగమంటే ఆ పక్కకి తిరుగుతుంది. నీ కంప్యూటర్ కాదది, చెబితే వింటుంది."

"అట్ల కాదన్నా, ఒకసారి సూసుకుంటే..."

"పన్నెండేళ్లు ఆటోనగర్‌లో చేశాను తమ్ముడూ. ఆ స్పానర్ ఇటివ్వు."

అతను ఇచ్చాడు. పాపం, మర్యాదస్తుడు. ఆఫీసులో అయితే తప్పుందని కంప్యూటర్లో ఒక టికెట్టు పెట్టి ఉండేవాడు.

ఆగస్టు ఆఖర్లో వెనక చక్రాలు నేలకి తగలకుండా దిమ్మల మీదెక్కించి స్టార్టరు తాడు లాగాను. నాలుగో లాగుకి అంటుకుంది. అబ్బ, ఏం కేక అది! యాక్సిలరేటర్ నొక్కితే వెనక చక్రాలు గిర్రున తిరిగాయి. నేనూ కుర్రాడూ కౌగిలించుకున్నాం. అతను వీడియో తీశాడు. ఆ వీడియో నా దగ్గర ఇంకా ఉంది. చక్రాలు ఎటు తిరుగుతున్నాయో అందులో చంటిపిల్లలకి కూడా తెలుస్తుంది. తిరుగుతున్నాయా లేదా అన్నదే చూసుకున్నాం తప్ప, ఎటు అని మా ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు.

శనివారం వచ్చింది. కుర్రాడు ముందే వచ్చేశాడు. మా ఆవిడ ఆసుపత్రి డ్యూటీ రోటా మార్పించుకుని, సంచీతో దిగింది. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, కర్పూరం, నాలుగు నిమ్మకాయలు. కొత్త బండి పూజ లేకుండా కదలడానికి వీల్లేదని ముందే చెప్పింది. కర్పూరం చూసి ఓనరు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"పెట్రోలు పక్కన నిప్పు వద్దు. హెల్త్ అండ్ సేఫ్టీ."

"సరేలెండి, దేవుడు అర్థం చేసుకుంటాడు" అని ఆమె తెలుగులోనే ఆయనకి చెప్పి, కర్పూరం సంచీలో వేసేసింది. హ్యాండిలుకి బొట్టు పెట్టి, చక్రాలకి సరిగ్గా ముందు ఒక్కో నిమ్మకాయ ఆనించి పెట్టింది.

"సలాడా?" అని ఓనరు నన్నడిగాడు.

"బండి వీటిని తొక్కుకుంటూ ముందుకెళ్లాలండీ. దిష్టంతా దాంతో పోతుంది."

ఆయన తల ఊపి, గుట్ట వైపు నిలబడి జేబుల్లో చేతులు పెట్టుకున్నాడు. మెకానిక్కులిద్దరూ పని ఆపి గుమ్మంలోకి వచ్చారు. కొబ్బరికాయ కొట్టాను. ఎక్కి కూర్చున్నాను. నాలుగు నిమ్మకాయలూ ఒక్క దెబ్బతో చితికిపోవాలని యాక్సిలరేటర్ గట్టిగా నొక్కాను.

నిమ్మకాయలు నాకు దూరమైపోయాయి.

ముందున్న రెండూ నున్నగా, చెక్కుచెదరకుండా మెరుస్తూ కనిపించాయి. వాటి వెనక మా ఆవిడ ముఖం, ఓనరు ముఖం, గుట్ట, అన్నీ చిన్నవైపోతున్నాయి. నాకేం జరుగుతోందో బుర్రకెక్కేలోపే బండి నన్ను మోసుకుని వెనక్కి దౌడు తీసి, నేరుగా నేను ట్రాక్టర్లు కడిగే వాషింగ్ బే లోకి దూరి, గోడకి గుద్దుకుని ఆగిపోయింది. గోడకున్న గొట్టం ఊడి నా భుజం మీద పడింది. రెండేళ్ల ఉద్యోగం అంత తేలిగ్గా నన్ను వదల్లేదు.

గొట్టాన్ని పక్కకి తోశాను. తరవాత అనంతపురం గొంతు మెల్లగా వినిపించింది.

"అన్నా... నేను ఆ పొద్దే అడిగితి."

మెకానిక్కులు గోడలు పట్టుకుని నవ్వుతున్నారు. ఓనరు నవ్వలేదు. నడుచుకుంటూ వచ్చి బండి ముందు నిలబడ్డాడు.

"ఇది ఇలాగే వెళ్లాలా?"

నా నోట్లో మూడు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. మా దేశంలో శుభకార్యానికి ముందు మూడడుగులు వెనక్కి వేస్తామని ఒకటి. గొర్రెల మంద ముందు నుంచి తప్పుకోవడానికి ప్రత్యేకంగా తయారుచేశానని ఒకటి. మూడోది ఇక్కడ రాయదగ్గది కాదు. చిన్నప్పటి నుంచీ ఈ నోటితోనే గండాలు దాటాను. మాస్టర్ల దగ్గరా, మావగారి దగ్గరా, ఎయిర్‌పోర్టులో కూడా. మొదటిది నాలిక చివరికి వచ్చేసింది.

మా ఆవిడ చేతిలో కుంకుమ భరిణెతో పరుగున వచ్చింది. దెబ్బ తగిలిందేమోనని నా తల, మెడ, భుజాలు నర్సులా తడిమింది. ఆ తరవాత పెళ్లాంలా చూసింది.

"ఏవండీ, ఈ ఒక్కసారికి ఆ కబుర్లు ఆపి నిజం చెప్పండి. మీకు దణ్ణం పెడతాను."

నేను దిగాను. "ఇంజన్ని తిప్పి పెట్టాను. తిప్పితే చక్రాలూ వెనక్కే తిరుగుతాయని చూసుకోలేదు" అన్నాను. "ఇతను అడిగాడు. నేను వినలేదు."

ఆ నాలుగు ముక్కలు చెప్పడానికి కొబ్బరికాయ మింగినంత కష్టమైంది.

ఓనరు బండి పక్కకి వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని, సుత్తి తెప్పించుకుని, ఇంజను కాళ్లని నేను అతికించిన చోటల్లా ఒక్కో దెబ్బ కొట్టాడు. ఠంగ్, ఠంగ్. చెవి పెట్టి విన్నాడు. చైను వేలితో ఎత్తి చూశాడు. గోడని గుద్దినా ఒక్క అతుకూ వదల్లేదని నాకూ అప్పుడే తెలిసింది.

"మళ్లీ తిప్పడానికి ఎంతకాలం?"

"నాలుగు రోజులు."

ఆయన నా వైపు చూశాడు.

"రెండు వారాలు" అన్నాను. "స్టీరింగు రాడ్డు కోసి వంచాలి. సైలెన్సర్ కొత్తది చెయ్యాలి."

"ఊఁ" అని లేచి, ప్యాంటు దులుపుకుని ఆఫీసు గదిలోకి వెళ్లిపోయాడు. గుట్ట మాట ఎత్తలేదు. ఉద్యోగం మాటా ఎత్తలేదు. ఆ ఆదివారం మా ఆవిడ వాళ్లమ్మకి ఫోన్ చెయ్యలేదు. డబుల్ షిఫ్టని మెసేజ్ పెట్టింది. చెప్పానుగా, అబద్ధాలు చేతకాని మనిషి. షిఫ్టులో ఉన్న మనిషి ఆన్‌లైన్లో కనబడుతోందేమిటని అత్తగారే తిరిగి ఫోన్ చేసింది.

సోమవారం నేను రబ్బరు బూట్లు వేసుకుని బే లోకి వెళ్తుంటే ఓనరు ఆపి, నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. మెకానిక్కులకి ఇచ్చే జాబ్ కార్డు. వాహనం అన్న చోట 'క్వాడ్' అనీ, లోపం అన్న చోట 'వెనక్కి మాత్రమే వెళ్తుంది' అనీ రాసుంది. మెకానిక్కు అన్న చోట ఖాళీ.

"నీ పేరు నువ్వే రాసుకో. స్పెల్లింగు నా వల్ల కాదు" అన్నాడు. "గుట్ట ఎక్కడికీ పోదు. తొందర లేదు."

ఇంటిపేరుతో సహా రాశాను. గడి చాలక చివరి మూడక్షరాలు పక్క గడిలోకి వెళ్లాయి. కార్డు ఫోటో తీసి మా ఆవిడకి పంపాను. వార్డులో ఉన్నట్టుంది, జవాబు రాలేదు. కానీ ఫోటో వాళ్లమ్మకి పంపేసినట్టుంది, పదినిమిషాల్లో అత్తగారి నంబరు నుంచి శుభాకాంక్షలు వచ్చాయి, రెండేళ్ల నుంచీ చేస్తున్న ఉద్యోగానికి ఇప్పుడెందుకు పేరు రాయించుకున్నారన్న ప్రశ్నతో సహా.

ఫోన్ జేబులో పెట్టి, ఇంజను కింద దూరాను. నాలుగు బోల్టులు విప్పడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. అంత బలంగా బిగించిన వెధవని తిట్టుకుంటూ విప్పాను.